పండిత రమాబాయి: తిరుపతి అడవి మొదలు ముక్తి సదనము వరకు

మన సంఘములలో సాక్ష్యము చెప్పువారు సాధారణముగా ఒక తేదీ చెప్పి, ఆ దినమున మారుమనస్సు పొందితిమని ముగిస్తారు. పండిత రమాబాయి గారికి అటువంటి ఒక్క తేదీ చాలదు. బాప్తిస్మము పొందిన తరువాత సుమారు ఎనిమిది సంవత్సరములకు గాని తాను క్రీస్తును కనుగొనలేదని, అంతవరకు తనకు దొరికినది క్రైస్తవ మతము మాత్రమేనని ఆమె తన సాక్ష్యములో ఒప్పుకొన్నారు. అందుచేతనే ఈ శతవార్షిక సంచికకు ఆమె జీవితమును ఎన్నుకొన్నాము. పైగా ఆమె బ్రతుకులో మిక్కిలి చీకటి దినములు గడచినది మన తెలుగు నేల అంచుననే. ఆ సంగతి మనలో చాలామందికి తెలియదు.

ఆమె 1858 ఏప్రిల్ 23న పడమటి కనుమలలోని గంగామూల అడవిలో జన్మించారు. తండ్రి అనంతశాస్త్రి డోంగ్రే గారు గొప్ప సంస్కృత పండితులు. స్త్రీకి చదువు కూడదను ఆ రోజులలో ఆయన భార్య లక్ష్మీబాయి గారికి సంస్కృతము నేర్పించారు. ఆ తల్లి తెల్లవారక ముందే కుమార్తెను లేపి పాఠము చెప్పేది. కుటుంబమంతయు పుణ్యక్షేత్రములు తిరుగుతూ పురాణము చదివి, శ్రోతలు ఇచ్చిన కానుకలతో జీవించేవారు. పిల్లలకు శాస్త్రములన్నియు వచ్చును గాని చేతిపని ఒక్కటియు రాదు. ఈ మాట పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను.

1874లో కరవు వచ్చినది. చేతిలోని సొమ్ము, నగలు, వెండి పాత్రలు, చివరకు వంట సామాను కూడ అమ్ముకొని తిన్నారు. తిరుపతిలో ఉండగా ఆఖరి గింజ కూడ అయిపోయినది. తమవారి మధ్య యాచించుటకు సిగ్గుపడి, అడవిలోనే చనిపోవుదమని నిశ్చయించుకొని, ఆ రాత్రియే ఇల్లు విడిచి అడవిలో ప్రవేశించారు. పదకొండు రాత్రింబవళ్లు నీళ్లు, ఆకులు, గుప్పెడు ఈతపండ్లు తప్ప వేరే ఆహారము లేదు. వృద్ధుడైన తండ్రి ఇక తాళలేక కోనేటిలో పడి ప్రాణము విడుతునని, ఒక్కొక్కరి వద్ద సెలవు తీసుకొన్నారు. కడగొట్టు బిడ్డ రమాబాయి వంతు చివర వచ్చినది. చూపులేని ఆ తండ్రి ఆమెను కౌగిలించి, తల నిమిరి, బ్రదికితే గౌరవముగా బ్రదుకుమని, జీవితకాలమంతయు దేవునినే సేవించుమని చెప్పారు. అంతలో అన్న శ్రీనివాసశాస్త్రి గారు కులగౌరవము ప్రక్కన పెట్టి, కూలిపని చేసి పోషించెదనని ముందుకు వచ్చుటచేత ఆ ప్రయత్నము ఆగినది. అయినను తండ్రి మరి కొద్ది దినములే బ్రదికారు. కొన్ని వారములకు తల్లియు పోయింది. తల్లి పాడె మోయుటకు నలుగురు దొరకక రమాబాయి గారు తామే ఒక కొమ్ము పట్టారు. పొట్టి మనిషి గనుక భుజము అందక తలమీద మోశారు. ఆ తరువాత అక్కయు చనిపోయింది.

ఇట్టి బాధలను గూర్చి మాటలాడునప్పుడు, దేవుడు ఆమెను సిద్ధపరచుటకే ఆ ఆకలిని పంపెనని సులభముగా అనేస్తాము. 1977 ఉప్పెన తరువాత దివిసీమలో ఇల్లు వాకిలి, పిల్లలను పోగొట్టుకొన్న తల్లుల ఎదుట ఆ మాట అనగలమా? రమాబాయి గారికి ఆనాడు విశ్వాసము పెరుగలేదు, ఉన్నదియు పోయినది. అన్నాచెల్లెండ్రు దేశమంతట వేలాది మైళ్లు కాలినడకన తిరిగారు. తలిదండ్రులు నమ్మినదాని మీద నమ్మకము వారికి ఆ దారిలోనే సడలిపోయినది.

1878లో వారు కలకత్తా చేరగా అక్కడి విద్వాంసులు ఆమె పాండిత్యమునకు ఆశ్చర్యపడి పండిత, సరస్వతి అను బిరుదులు ఇచ్చారు. 1880లో అన్న మరణించారు. అదే సంవత్సరము ఆమె కులభేదము పాటింపక బిపిన్ బిహారీ మేధావి అను న్యాయవాదిని వివాహమాడారు. సిల్చార్‌లో ఆయన పుస్తకముల మధ్య బెంగాలీలో ఉన్న లూకా సువార్త ఒకటి ఆమె కంటబడినది. 1882లో భర్త కలరాతో పోయారు. అప్పటికి ఆమె వయస్సు 23. ఒడిలో మనోరమ అను పసిబిడ్డ.

1883లో ఇంగ్లండు వెళ్లి, ఆ సెప్టెంబరు 29న వాంటేజ్‌లో బిడ్డతో కూడ బాప్తిస్మము పొందారు. తోడు వెళ్లిన స్నేహితురాలు అక్కడనే దుర్మరణము పాలయింది. వాంటేజ్ సిస్టర్లతో సిద్ధాంతములను గూర్చి ఆమెకు చాల వాదములు జరిగాయి. తనకు అర్థము కానిది ఒప్పుకొన్నట్లు నటించుట ఆమెకు చేతకాలేదు. ఆంగ్లికను వారసత్వము గల మనవారు కొందరు ఈ సంగతి దాచిపెడతారు. దాచవలసిన పని లేదని మా అభిప్రాయము.

అటు పిమ్మట అమెరికా వెళ్లి, 1887లో హిందూ స్త్రీల స్థితిని గూర్చి ఒక గ్రంథము వెలువరించారు. 1889 మార్చి 11న బొంబాయిలో వితంతు బాలికలకు శారదా సదనము తెరచి, మరుసటి సంవత్సరము దానిని పూనాకు మార్చారు. 1891 ప్రాంతమున హస్లం అను పాదిరి గారి ఆత్మకథ చదివి, పాదిరిగా ఉండి కూడ మారుమనస్సు లేని మనిషి ఉండవచ్చునని తెలిసికొని, తన సంగతియు అదియేనని గ్రహించారు. తన విద్య, తన మంచితనము పనికిరావని ఒప్పుకొని ప్రభువు చేతిలో పడ్డారు.

పరీక్ష వెంటనే వచ్చినది. 1893లో బాలికలను క్రైస్తవులుగా చేస్తున్నారని పూనాలో అలజడి రేగి, సలహా సంఘపు పెద్దలు రాజీనామా ఇచ్చారు. అనేకులు తమ పిల్లలను తీసుకొనిపోయారు. సగము ఖాళీ అయిన బడిలో ఆమె ప్రార్థన మానలేదు; ప్రార్థన గది తలుపు మూయనూ లేదు.

1896-97లో మధ్య పరగణాలలో ఘోరమైన కరవు. వెళ్లుటకు చేతిలో డబ్బు లేదు. అయితే తిరుపతి అడవిలో తాను పడిన ఆకలి ఆమెను కూర్చుండనీయలేదు. తామే వెళ్లి ఎముకల గూళ్లవంటి బాలికలను ఏరుకొని వచ్చారు. వారు సుమారు 300 మంది. ఆ సమయముననే పూనాలో ప్లేగు. పిల్లలను పట్టణములో ఉంచరాదని అధికారుల ఉత్తరువు. అందుచేత కేడ్‌గాఁవ్‌లో ముందే కొనియున్న పొలములో డేరాలు, పాకలు వేసి నివసించారు. బావులు త్రవ్వించారు. ముక్తి సదనము అట్లు వెలసినది. 1900లో గుజరాతు కరవు తరువాత అక్కడివారి సంఖ్య రెండు వేలకు సమీపించినది. రేపటి రొట్టెకు నేడే ప్రార్థింపవలసిన దినములు అవి.

ముక్తిలో ప్రతి బాలికకు ఒక చేతిపని నేర్పించారు. నేత, నూనె గానుగ, వ్యవసాయము, కుట్టుపని, అచ్చుపని. కూలి చేయుట సిగ్గని తలచి అడవిలో మాడిన కుటుంబపు బిడ్డ కదా! గ్రుడ్డివారికి కూడ ఒక బడి ఉండేది. 1905లో అక్కడ కలిగిన ఉజ్జీవమును గూర్చి మనవారు తరచు చెప్పుకొంటారు. మాకు మాత్రము ఆ గానుగ, ఆ బావులు ఎక్కువగా కంటికి కనబడతాయి.

చివరి సంవత్సరములలో ఆమె హెబ్రీ, గ్రీకు భాషలు నేర్చి, చదువు తక్కువ గల స్త్రీలకు సయితము తెలియునట్లు బైబిలును తేలిక మరాఠీలోనికి తర్జుమా చేయ పూనుకొన్నారు. చెవులు సరిగా వినబడేవి కావు. తన తరువాత సదనమును నడుపునని నమ్ముకొన్న మనోరమ 1921 జూలైలో నలుబది ఏండ్లకే మరణించింది. తలిదండ్రులు, అక్క, అన్న, భర్త, ఇప్పుడు ఒక్కగానొక్క కుమార్తె. రమాబాయి గారు మరల అచ్చు ప్రతులు దిద్దుటకు కూర్చున్నారు. తర్జుమా పని ముగించి, 1922 ఏప్రిల్ 5న నిద్రించారు.

ఆ బైబిలు 1924లో వెలువడినది. దాని అక్షరములు కూర్చినది, అచ్చువేసినది ముక్తిలో పెరిగిన స్త్రీలే.