తకావీ: మట్టికి బలం

రైతు, కిస్తు, జమాబందీ, తకావీ. అరబ్బీ, ఫారసీ భాషల నుండి వచ్చి మన పల్లెలలో స్థిరపడిన ఈ మాటలు ఉర్దూ, తెలుగు వారికి ఉమ్మడి సొత్తు. సేద్యానికి సర్కారు ఇచ్చే అప్పును తకావీ అన్నారు. ఆ పదానికి మూలార్థం బలపరచడం. మన సీమలో ఈ మాటలతో పెనవేసుకున్న జీవితం సర్ థామస్ మన్రోది.

మన్రో 1761లో గ్లాస్గోలో జన్మించి, 1780లో సైనికోద్యోగిగా మద్రాసు చేరారు. బారామహల్‌లో కెప్టెన్ రీడ్ వద్ద భూమిశిస్తు వ్యవహారాలు నేర్చారు. 1800లో నిజాం దత్తమండలాలను కంపెనీకి అప్పగించగా, ప్రధాన కలెక్టరుగా వచ్చి 1807 వరకు పనిచేశారు. కడప సీమ, పత్తికొండ ప్రాంతం అందులోనివే; కర్నూలు పట్టణం మాత్రం అప్పటికి నవాబు ఏలుబడిలో ఉండేది.

డేరాలలో బసచేస్తూ ఆయన పల్లెపల్లె తిరిగారు. 1802లో పొలాల కొలత మొదలుపెట్టించి, నేల సారాన్ని బట్టి తరగతులు కట్టించారు. ఎద్దులకు, విత్తనాలకు, బావులకు తకావీ ఇప్పించారు. అయితే శిస్తు వసూలులో ఆయన ఉదారులని మనం చెప్పలేము. ఆయన కాలంలో కంపెనీ రాబడి బాగా పెరిగింది. ఆ భారం రైతు మోయలేనిదని గ్రహించినవారూ ఆయనే. శిస్తును నూటికి 25 వంతులు, రైతు తన ఖర్చుతో బాగుచేసుకునే బావుల కింది భూములకు 33 వంతులు తగ్గించాలని 1807లో సిఫారసు చేశారు. ప్రభుత్వం అంగీకరించక గ్రామాలను గుత్తకిచ్చింది. 1820లో గవర్నరుగా తిరిగివచ్చిన పిదప ఆయన రైతువారీని పునరుద్ధరించారు.

1827లో మన సీమలో పర్యటిస్తూ, జూలై 6న పత్తికొండలో కలరాతో మరణించారు. ఆయన పేర అక్కడ మెట్లబావి, చెట్లతోపు వెలిశాయి.

నేడు వాతావరణం మారి వానలు మరింత గతి తప్పుతున్నాయి. పశువుల ఎరువు, చెరువు మట్టి వేసిన నేల తేమను ఎక్కువ రోజులు నిలుపుకొని, బెట్టను కొంత తట్టుకుంటుంది. కాని ఆ ఖర్చు ఒక్క పంటతో తీరదు, ఫలం ఏళ్ల తరబడి అందుతుంది. మరుసటి ఏడు పొలం తనదవుతుందో కాదో తెలియని కౌలురైతు మట్టికి ఎరువు ఎందుకు తోలుతాడు? మేలుచేసినవానికే ఫలం దక్కాలన్నది మన్రో సిఫారసులోని సారం. నేలకు తకావీ కావాలంటే, ముందుగా దున్నేవానికి ఆ భరోసా కావాలి.