గాంధీజీకి మాట పెగిలిన రోజు

1930లో గాంధీజీ మన సూరత్ మీదుగానే దండికి నడిచి వెళ్లారు. దారిలో ఊరూరా ఆగి మాట్లాడారు. ఆయన మాట వినడానికి జనం విరగబడి వచ్చారు. అలాంటి మనిషికి ఒకప్పుడు నలుగురి ముందు నోరు పెగిలేది కాదంటే మనకు నమ్మబుద్ధి కాదు.

మోహన్‌దాస్ 1869 అక్టోబరు 2న పోర్‌బందర్‌లో పుట్టారు. సుమారు ఏడేళ్ల వయసులో తండ్రి ఉద్యోగం రాజ్‌కోట్‌కు మారింది. మనలాగే ఆయనకూ ఊరు మారింది, బడి మారింది. ఎవరైనా ఎగతాళి చేస్తారేమోనన్న భయంతో బడి వదలగానే ఇంటికి పరుగెత్తేవారు.

1888లో లండన్ చదువుకు బయలుదేరేటప్పుడు బడిలో వీడ్కోలు సభ పెట్టారు. రాసుకున్న నాలుగు మాటలు చెప్పేసరికే తల తిరిగి, ఒళ్లు వణికింది. లండన్‌లో శాకాహారుల సభలోనూ అంతే. ఒక్క కాగితం మీద రాసుకున్నది చదవలేకపోతే, తోటివారు చదివి పెట్టారు. బారిస్టరై తిరిగొచ్చి, బొంబాయి కోర్టులో తొలి కేసు వాదించడానికి లేచారు. ప్రశ్న ఒక్కటీ తోచలేదు. ఫీజు 30 రూపాయలు వెనక్కి తీసుకుని వేరే వకీలును పెట్టుకోమని చెప్పి కూర్చున్నారు.

1893లో ఉద్యోగం మీద దక్షిణాఫ్రికా వెళ్లారు. ప్రిటోరియాలో ఒక వ్యాపారి ఇంట్లో మనవాళ్లను సమావేశపరిచి, వ్యాపారంలో సత్యం గురించి మాట్లాడారు. ఆయన తొలి ఉపన్యాసం అదే. ఈసారి మాట ఆగలేదు. విషయం ఆయన మనసులో ఉన్నదే. ముందే సిద్ధమై వచ్చారు. విన్నవారు తనలాగే పరాయి దేశంలో అవమానాలు పడుతున్నవారు. ఆ సమావేశాలు కొనసాగి, ప్రిటోరియాలో ఆయనకు తెలియని భారతీయుడంటూ లేకుండా పోయాడు.

అయినా బిడియం పూర్తిగా పోలేదు. దానివల్ల మాటలను పొదుపుగా వాడడం అలవడిందని ఆత్మకథలో రాసుకున్నారు. తర్వాతి కాలంలో సోమవారాలు మౌనం పాటించి, చెప్పవలసింది చీటీల మీద రాసి ఇచ్చేవారు.

మనకూ మూడు నాలుగేళ్లకో కొత్త బడి. చేరిన కొద్ది రోజులకే ప్రార్థన సమావేశంలో మాట్లాడమంటారు. అప్పుడు మనకు బాగా తెలిసిన విషయాన్నే ఎంచుకుందాం. అయిదారు వాక్యాలు రాసుకుని, ముందు ఒకరిద్దరు స్నేహితులకు చెప్పి చూద్దాం. గొంతు వణికినా ఫరవాలేదు. చెప్పవలసింది చెప్పి కూర్చుందాం. ఆ రోజు మన పేరు తెలిసినవాళ్లు కొత్త బడిలో ఇంకొందరు పెరుగుతారు.