మాహ్ లఖా బాయి చందా: మనసు పడ్డవాళ్లు ఎందరో, నికాహ్ మాత్రం లేదు

ముక్తేశ్వరం రేవులో పంటు ఎక్కి గౌతమి దాటితే కోటిపల్లి. ఈ ఒడ్డూ ఆ ఒడ్డూ ఒకప్పుడు హైదరాబాద్ నిజాం ఏలుబడిలోవే. 1766లో నిజాం అలీ ఖాన్ ఉత్తర సర్కార్లను ఇంగ్లీషు కంపెనీకి రాసిచ్చేశాడు. ఇంకో రెండేళ్లకు, 1768లో, అదే నిజాం రాజ్యంలో చందా బీబీ పుట్టింది. తర్వాత లోకమంతా ఆమెని మాహ్ లఖా బాయి అని పిలిచింది. అంటే చందమామ లాంటి ముఖం గలది.

కోనసీమలో కళావంతులు ఉన్నట్టే అక్కడ తవాయఫ్‌లు ఉండేవారు. సినిమాల్లో తవాయఫ్ అంటే వయసు మళ్లుతూ ఎవరో కుర్ర నవాబు కోసం ఎదురుచూసే మనిషి. చందా బతుకు అలా సాగలేదు.

ఆమె అమ్మమ్మ గుజరాత్‌లో ఒక ఉద్యోగి భార్య. భర్త సర్కారు సొమ్ము వాడుకుని పారిపోతే పిల్లలతో రోడ్డున పడింది. ఆట పాటలే ఆ ఇంటి ఆడవాళ్లకి అన్నం పెట్టాయి. కూతురు రాజ్ కున్వర్‌కి పుట్టిన బిడ్డే చందా. మెహతాబ్ కున్వర్ ఆమెని పెంచుకుంది.

చందా పాట, నాట్యంతో పాటు గుర్రపు స్వారీ, విలువిద్య కూడా నేర్చింది. మగ వేషంలో నిజాం వెంట యుద్ధాలకు వెళ్లింది. ఆమెకి జాగీర్లు దక్కాయి. ఇప్పటి ఉస్మానియా యూనివర్సిటీ వైపున్న అడిక్‌మెట్ ఆమె జాగీరే.

ఆమె మీద మనసు పడ్డవాళ్లలో మీర్ ఆలం ఒకడు. తర్వాత దివాన్ అయ్యాడు. ఆమెకన్నా 16 ఏళ్లు పెద్ద. ఆమె అందం మీద ఏకంగా మస్నవీ రాశాడు. ఇక కెప్టెన్ జాన్ మాల్కం ఆమెకన్నా ఏడాది చిన్న. 1799లో నాట్యం మధ్యలో తన గజళ్ల రాతప్రతిని అతనికి కానుకగా ఇచ్చింది. దీని చుట్టూ జనం ప్రేమకథలు అల్లుకున్నారు. కానీ ఆమె అతని చేతిలో పెట్టింది తన పుస్తకం. అది ఇప్పుడు లండన్‌లో భద్రంగా ఉంది. అందులో ఒక్కో గజల్‌కి ఐదు షేర్లు. చివరి షేర్లో తలుచుకునేది ఏ నవాబునీ కాదు, హజ్రత్ అలీనే.

వయసు పెరిగింది, సంపద పెరిగింది, అయినా ఎవరినీ పెళ్లాడలేదు. ఆడపిల్లల్ని చేరదీసి విద్య నేర్పించింది. ఒక చరిత్ర గ్రంథం రాయించింది. 1792లో మౌలా అలీ గుట్ట కింద తల్లికి మఖ్బరా కట్టించింది. 1824లో 56వ ఏట కన్నుమూసి, ఆ తల్లి పక్కనే దఫన్ అయింది.

శిథిలమైన ఆ తోటని 2010 తర్వాత బాగుచేశారు. హైదరాబాద్ వెళ్లే మనవాళ్లు చార్మినార్ చూసి వచ్చేస్తారు. ఈసారి మౌలా అలీ దాకా వెళ్లి, ఆ తల్లీకూతుళ్లకి ఒక ఫాతిహా చదివి రండి.