దోమ కడుపులోని రహస్యము

బేగంపేట విమానాశ్రయపు చెంత పాతకాలపు మేడ యొకటి కలదు. ఆ దారిని పోవువారిలో నిలిచి దానిని చూచువా రరుదు. చలిజ్వరమునకును దోమకును గల సంబంధము 1897 సం. ఆగస్టు 20 వ తేదీన అచ్చట బయటపడినదని చెప్పుదురు. కనుగొన్నవాడు రోనాల్డు రాసు. ఆయన వైద్యుడని లోక మెఱుగును. కవియని యెఱిగినవారు కొలదిమంది.

రాసు 1857 సం. మే 13 న ఆల్మోరాలో జన్మించెను. తండ్రి భారతసైన్యమున అధికారి. ఎనిమిదవయేట ఇంగ్లండునకు పంపబడిన బాలుడు చిత్రలేఖనము, సంగీతము, కవిత్వములపై మనసు నిలిపెను. తండ్రి వైద్యమే చదువవలెనని పట్టుపట్టెను. అయిష్టముగనే చదువు ముగించి 1881 లో ఇండియన్ మెడికల్ సర్వీసున చేరి యీ దేశమునకు తిరిగివచ్చెను. తీరికవేళల నవలలు, నాటకములు వ్రాసెను. గణితమును స్వయముగా నభ్యసించెను. ఆ నవలలను నేడు చదువువారు అరుదు. అందు మేమును నష్టమును చూడము.

1880 లో లావరాన్ అను ఫ్రెంచి వైద్యుడు అల్జీరియాలో రోగుల నెత్తుట ఈ జ్వరపు క్రిమిని కనుగొనెను. అది మనుష్యునినుండి మనుష్యునకు ఎట్లు పోవునో తెలియలేదు. మన సుశ్రుతసంహిత మశకముల నైదు విధములుగా చెప్పినది నిజమే. దానినిబట్టి యీ రహస్యమంతయు మనవారికి ముందే తెలియునని వాదించుట మాకు సమ్మతము కాదు. 1894 లో లండనులో పాట్రిక్ మాన్సన్ ఆ క్రిమిని రాసునకు చూపి, దోమలను పరీక్షింపుమని ప్రోత్సహించెను.

మఱుసటియేట రాసు సికింద్రాబాదు చేరెను. రెండేండ్లు దోమలను కోసి చూచినను ఫలము లేకపోయెను. పట్టినవి ఈ జ్వరమును మోయని జాతులు. పంకా విసరిన దోమ లెగిరిపోవును గనుక ఉక్కలోనే కూర్చుండెను. చెమటకు సూక్ష్మదర్శిని మరలు త్రుప్పుపట్టెను. తుదకు రెక్కలపై మచ్చలుగల దోమలు దొరకెను. హుస్సేన్ ఖాన్ అను రోగి దోమకు అణా చొప్పున పుచ్చుకొని వానిచే కుట్టించుకొనెను. అట్టి దోమ యొకదాని కడుపుగోడలో నల్లని రేణువులుగల కణములు కానవచ్చెను. ఆ రేణువులు లావరాన్ చూచిన క్రిమియందలివే. ఆ సంతోషమున రాసు పద్యములు వ్రాసెను. ఆయన కవిత్వమున నిలిచినవి అవియే. 1927 లో కలకత్తాలో నెత్తిన స్మారకద్వారముపై వానిని చెక్కిరి.

ప్రభుత్వము చేసిన సత్కార మేమనగా, ఆయనను చలిజ్వరము లేని రాజపుతానాలోని ఖేర్వారాకు బదిలీ చేయుట! 1898 లో కలకత్తాకు రానిచ్చిరి. అచ్చట మహమ్మద్ బక్స్ అను సహాయకునితో పక్షులపై పరీక్షలు జరిపి, క్రిమి దోమయొక్క లాలాజలగ్రంథులను చేరి కాటుద్వారా ప్రవేశించునని నిరూపించెను. మనుష్యజ్వరమునందు అదే క్రమమును ఆ సంవత్సరమే ఇటలీలో గ్రాసీ ప్రభృతులు చూపిరి. 1902 లో నోబెల్ బహుమానము రాసునకే దక్కెను. అయినను గ్రాసీతో కలహము ఏండ్ల తరబడి మానలేదు. అంతటివానికి ఆ పంతము తగదు. తన కీర్తికై అంత పోరాడినవాడు అణాలకు నెత్తురిచ్చిన రోగి పేరును మఱువక తెలిపినందుకు మాత్రము మనము సంతసింపవచ్చును.

1910 లో ప్రకటించిన గ్రంథమున ఆయన మఱల గణితమును చేపట్టెను. దోమల నన్నిటిని చంపనక్కఱలేదనియు, వాని సంఖ్య ఒక మితికి లోబడిన జ్వరము తనంత నణగుననియు లెక్కవేసి చూపెను. ఊరిచుట్టును నీటిగుంటలు పూడ్పించుటకు వ్యయమెక్కువయని వెనుదీయు భూస్వాములు ఈ లెక్కను గమనింతురు గాక. రాసు 1932 సం. సెప్టెంబరు 16 న లండనులో మరణించెను.