ఆంధ్రకేసరి ప్రకాశము పంతులుగారు – న్యాయవాదవృత్తియందలి తొలిమెట్లు

న్యాయవాదవృత్తి దూరమునుండి చూచువారికి మిక్కిలి శోభాయమానముగ కానవచ్చును. నల్లనికోటు, కక్షిదారుల సమ్మర్దము, సభలయందు ముందుపీట, ఇవియే వారి కన్నులకు గోచరించును. పట్టము పుచ్చుకొని సన్నదు పొందిన యువకుడు తొలి మూడు నాలుగు సంవత్సరములు ఏమి భుజించి జీవించునో విచారించువారు అరుదు. పేరు లేనివానికి వ్యాజ్యము రాదు. వ్యాజ్యము లేనివానికి పేరు రాదు. ఈ చక్రవ్యూహమును భేదించుటకు విద్య యొక్కటియే చాలదు; పెద్దల చేయూతయు కావలయును. అట్టి చేయూత యొక నిరుపేద బాలుని ఎంతదూరము గొనిపోగలదో తెలియగోరువారు శ్రీ టంగుటూరి ప్రకాశము పంతులుగారి చరిత్రమును స్మరింపదగును.

పంతులుగారు 1872వ సంవత్సరము ఆగష్టు 23వ తేదీన ఒంగోలు ప్రాంతమందలి వినోదరాయునిపాలెమున నియోగి కుటుంబమునందు జన్మించిరి. తండ్రి గోపాలకృష్ణయ్యగారు, తల్లి సుబ్బమ్మగారు. బాల్యముననే తండ్రి స్వర్గస్థులు కాగా, సుబ్బమ్మగారు ఒంగోలున పూటకూళ్ల యిల్లు నడిపి బిడ్డలను పోషించిరి. ఆ కాలమున లోకులు దానిని గౌరవహీనమైన వృత్తిగ నెంచుచుండిరి. ఆ సాధ్వి లోకుల మాటను లెక్కింపక బిడ్డల చదువునే లెక్కించెను. పరీక్షరుసుము మూడు రూపాయలు చెల్లింపవలసి వచ్చినపుడు ఇంట పైకము లేకపోయెను. బాలుడు బంధువుల నడుగబోయి రిక్తహస్తములతో మరలివచ్చెను. అంతట తల్లి తన పట్టుచీరను కుదువబెట్టి ఆ సొమ్ము సమకూర్చెను. ఆ మూడు రూపాయలు నాడు లభింపకున్నచో ఆ చదువు అచ్చటనే ముగిసియుండెడిది.

తల్లి తరువాత ఆయనకు చేయూతనిచ్చినవారు ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారు. వీరు ఒంగోలున ఉపాధ్యాయులు, నాటకములయం దభిరుచిగలవారు. ప్రకాశముగారు వారి నాటకములలో స్త్రీపాత్రలు ధరించుచుండిరి. నాయుడుగారు రాజమహేంద్రవరమునకు తరలిపోవునపుడు ఈ బాలుని వెంటబెట్టుకొని పోయి, అచ్చట చదువు చెప్పించి, పిదప మద్రాసునందు న్యాయశాస్త్రాభ్యాసమునకు సైతము తోడ్పడిరి. నాయుడుగారు ధనవంతులు కారు, బడిపంతులు. శిష్యునకు బంధువులు కారు; స్వకులస్థులును కారు. బాలునియందు ప్రజ్ఞ కలదని కనిపెట్టిరి. అది నశింపకూడదని తలచిరి. ఇంతకుమించి వేరు హేతువు లేదు. నా జీవితమునందు అధికభాగము బడులలోనే గడపినవాడను గావున, ఉపాధ్యాయ వృత్తికి ఇంతకంటె గొప్ప ఫలమును నే నెరుగను.

పరీక్షలయందు కృతార్థులై ప్రకాశముగారు రెండవతరగతి ప్లీడరుగ రాజమహేంద్రవరమున వృత్తి సాగించి అచిరకాలముననే కీర్తిని గడించిరి. 1904లో ఆ పురపాలకసంఘమునకు అధ్యక్షులైరి. కాని వృత్తియందు ఆయనకొక గోడ అడ్డము నిలిచెను. ఆనాడు న్యాయవాదులలో బారిష్టర్లు, వకీళ్లు, మొదటితరగతి ప్లీడర్లు, రెండవతరగతి ప్లీడర్లు అని అంతస్తు లుండెను. రెండవతరగతి ప్లీడరు ఎంత సమర్థుడైనను క్రిందికోర్టులయందే వాదింపవలెను గాని హైకోర్టున నిలిచి వాదించు అధికారము లేదు. ఒక వ్యవహారమునకై మద్రాసు పోయినపుడు ప్రకాశముగారి ప్రజ్ఞను గుర్తించిన యొక బారిష్టరు, సీమకుపోయి బారిష్టరు కావలసినదని సలహా చెప్పెను. ఒకే వృత్తియందు పైమెట్టున నున్నవాడు క్రిందిమెట్టున నున్నవానిని అసూయతో గాక ఆదరముతో చూచుట ఎంత మేలు చేయునో ఇందువలన తెలియుచున్నది.

1904లో ఆయన ఇంగ్లండునకు పోయి, యోగ్యతాపత్రముతో బారిష్టరై, 1907లో మద్రాసు హైకోర్టునందు ప్రవేశించిరి. అచ్చట ప్రఖ్యాతులైనవారిలో ఆంగ్లేయులును అరవవారును అధికులు. అట్టిచోట సహాయబలము లేని తెలుగువాడు పైకి వచ్చుట దుష్కరము. అయినను సివిలు, క్రిమినలు వ్యవహారములు రెండింటను నిలదొక్కుకొని విశేషధనము నార్జించిరి. లా టైమ్స్ అను న్యాయపత్రికను నడిపిరి. 1911లో తిరునల్వేలి కలెక్టరు ఆష్ హతుడైన పిమ్మట జరిగిన విచారణలో ముద్దాయిల పక్షమున వాదించిన న్యాయవాదులలో వీ రొకరు. 1907లో బిపినచంద్రపాలుగారి యుపన్యాసములకు అధ్యక్షత వహింప పలువురు జంకిన సమయమున వీరు ముందునకు వచ్చిరి.

తదనంతర చరిత్ర సర్వజనవిదితము. 1921లో ఆ ఐశ్వర్యప్రదమైన వృత్తిని త్యజించి స్వరాజ్యోద్యమమున చేరి, స్వరాజ్య పత్రికకై తమ యార్జన మంతయు వెచ్చించిరి. 1928లో సైమను సంఘ బహిష్కారదినమున మద్రాసునందు తుపాకులకు రొమ్ము చూపిరి. 1946లో మద్రాసు మంత్రివర్గమునకు నాయకులైరి. 1953 అక్టోబరు 1వ తేదీన అవతరించిన ఆంధ్రరాష్ట్రమునకు ప్రథమ ముఖ్యమంత్రులైరి. 1957 మే 20వ తేదీన హైదరాబాదునందు దివంగతులైరి.

వారి ముఖ్యమంత్రిత్వ కాలముననే, 1954 జూలైలో, గుంటూరునందు ఆంధ్ర హైకోర్టు నెలకొల్పబడెను. యౌవనమున హైకోర్టు గడప దాటనేరని ప్లీడరుయొక్క ప్రభుత్వకాలమున తెలుగు యువ న్యాయవాదులకు తమ నేలపైననే హైకోర్టు లభించుట విధివిలాసము గదా! ఆ పాత అంతస్తులును క్రమముగ సడలి, 1961వ సంవత్సరపు అడ్వకేట్ల చట్టముతో న్యాయవాదులందరు ఒక్క తరగతివారైరి.

అంతస్తులు పోయినవి గాని ఆకలి పోలేదు. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము కొత్త న్యాయవాదులకు తొలి మూడేండ్లు నెలకు 5,000 రూపాయల భృతి నిచ్చు పథకము నారంభించెను. 2024లో భారత బార్ కౌన్సిలు, సీనియర్లు తమ జూనియర్లకు నగరములందు నెలకు 20,000 రూపాయలకును, గ్రామప్రాంతములందు 15,000 రూపాయలకును తక్కువ కాకుండ ఈయవలెనని సూచించెను. సూచన శాసనము కాదు. అమలు పెద్దల మనస్సుపై ఆధారపడియున్నది.

కావున సంఘపోషకులగు మహాశయులకు నా మనవి యిది. విద్యార్థికి వేతన మిచ్చి, పట్టము రాగానే మన ధర్మము తీరినదని తలపకుడు. అసలు కష్టము అప్పుడే ఆరంభమగును. వృత్తియందున్న పెద్దలు ఒక్కొక్క జూనియరునైనను చేరదీసి, పని నేర్పి, ఆ పనికి తగిన ప్రతిఫల మీయవలెను. ధనవంతులు పుస్తకములకును వసతికిని తోడ్పడవలెను. మన సంఘము మన బిడ్డలను ఆదరించుట యుక్తమే. అయినను ఆదరము మన వాకిటనే ఆగరాదు. హనుమంతరావు నాయుడుగారు కులము విచారించియుండినచో ఆంధ్రులకు ప్రకాశము పంతులుగారు దక్కియుండరు. ఆ బడిపంతులు ఋణమును తీర్చుకొనుటకు మనకు గల మార్గము, మరియొక బీదబాలుని చేయి పట్టుకొనుటయే.