హిమకణముల బెంట్లీ

మన మండలములయందు పుట్టి పెరిగిన విద్యార్థులలో హిమవర్షమును కన్నులార చూచినవారు మిక్కిలి అరుదు. మంచు అనగా మనకు ధనుర్మాసపు వేకువను వరికుప్పలపైనను, కళ్లములపైనను క్రమ్మి, ప్రొద్దెక్కగానే విచ్చిపోవునదే. గడ్డిపై నిలుచు నీటిబొట్టునకును, దారి కానరాకుండ కమ్ము పొగకును, ఆకాశమునుండి దూదివలె రాలు గడ్డకట్టిన నీటికిని మన వాడుకభాష ఒక్క మాటతోనే సరిపుచ్చుకొనుచున్నది. అవసరము లేనిచోట పదములేల పెరుగును? ఇట్టి మనము ఈ యేట జీవితచరిత్ర వ్రాయబూని, రాజులను సేనానులను విడిచి, బ్రదుకంతయు ఆ దూదివంటి మంచునకు బొమ్మలు తీయుటలో గడపిన యొక రైతును ఎన్నుకొంటిమి. చదువరులు మన్నింతురుగాక.

విల్సన్ బెంట్లీ 1865వ సంవత్సరము ఫిబ్రవరి 9వ తేదీన అమెరికా సంయుక్తరాష్ట్రముల ఈశాన్యభాగమగు వెర్మాంటు రాష్ట్రమున జెరికో అను గ్రామమునందు జన్మించెను. గోడలు కూలిన యెరికో పట్టణపు కథ మన బాలురందరును ఎరుగుదురు. ఆ పేరే ఈ పల్లెకును పెట్టబడినది. అచ్చట శీతకాలము దీర్ఘమైనది. హిమము ఇండ్లకప్పులను, కంచెలను కప్పివేయును. తండ్రి పాడిపశువులు గల సేద్యగాడు. తల్లి పూర్వము ఉపాధ్యాయినిగా నుండిన స్త్రీ. బాలునకు పదునాలుగేండ్లు వచ్చువరకు ఇంచుమించు చదువంతయు ఆమెయే ఇంటియొద్ద చెప్పెను. ఈ వాక్యము వ్రాయునప్పుడు ఉపాధ్యాయులమైన మాకు కొంచెము గర్వము కలిగినదని చెప్పుటకు సిగ్గుపడము.

పదునైదవ యేట తల్లి తన పాత సూక్ష్మదర్శనిని కుమారునికిచ్చెను. తోడి బాలురు మంచు ఉండలు చేసి ఒండొరులపై విసరుకొనుచుండగా, ఇతడు ఆ మంచునే గాజుపలకపై నుంచి అద్దములోనుండి చూచుచుండెను. చూచినదేమి? ప్రతి కణమును ఆరుమూలలు గల ముగ్గువలె నుండెను. సంక్రాంతినాడు మన యింటి ఆడవారు వాకిట చుక్కలు పెట్టి గీతలు కలిపినట్లు, నడుమనొక చిన్న పలక, దానినుండి ఆరు రేకులు, రేకులకు మరల కొమ్మలు. ఒకదానిని పోలినది మరియొకటి అతనికి కనబడలేదు. దానిని కాగితముపై దించవలెనని పలుమారులు యత్నించెను గాని, బొమ్మ సగమైనను కాకముందే ముగ్గు కరగి నీటిబొట్టయ్యెడిది. అంత అందమైనది ఒక్కరి కంట మాత్రమే పడి, గుర్తైనను మిగులకుండ నశించుట అతనికి దుస్సహమయ్యెను.

సూక్ష్మదర్శనికి కెమేరాను జోడింపవచ్చునని అతడు తెలిసికొనెను. ఆ సామగ్రికి దాదాపు 100 డాలర్లు కావలెను. పల్లెటూరి పాడిరైతునకు ఆ దినములలో అది అల్పమైన సొమ్ము కాదు. మంచుతునకలకు అంత వ్యయమా యని తండ్రికి మనసొప్పలేదు. తల్లి ఎడతెగక చెప్పగా చెప్పగా తుదకు కొనియిచ్చెను గాని, అది వ్యర్థప్రసంగమను తలంపును మాత్రము మార్చుకొనలేదట. తండ్రిని నిందింప మాకు తోచదు. నమ్మకము లేకయే పైకమిచ్చిన తండ్రి, నమ్మి యిచ్చినవానికంటె తక్కువవాడా?

యంత్రము వచ్చినంతమాత్రమున పని కాలేదు. నేర్పుటకు గురువు లేడు. పారదర్శకమైన కణము వెలుతురులో కలిసిపోయి, పలకపై మసకమరక మాత్రము నిలుచుచుండెను. శీతకాలము వెంబడి శీతకాలము వ్యర్థమయ్యెను. తుదకు కటకముచెంత వెలుతురు ప్రవేశించు రంధ్రమును మిక్కిలి చిన్నదిగా జేసి, అందుకు తగినట్లు ఎక్కువసేపు పలకకు వెలుతురు తగులనిచ్చుటయే ఉపాయమని గ్రహించెను. 1885 జనవరి 15వ తేదీన, ఇరువది యేండ్లు నిండుటకు మూడు వారములు ముందుగా, అతని చేత మొదటి చక్కని హిమకణ ఛాయాచిత్రము సిద్ధించెను. ఆ యంత్రము ప్రక్క మోకరిల్లవలెనని తనకు తోచినదని అతడు తరువాత చెప్పుకొనెను.

అతని పనితీరును కొంచెము విపులముగా చెప్పుదుము. చేతిపనియందు ఆసక్తి గల మన బాలురకు ఇది రుచించును. మంచు కురియగానే అతడు నల్లరంగు పూసిన బల్లను బయట పట్టును. నల్లబల్లపై సుద్దచుక్కలవలె కణములు వ్రాలును. వానిలో ఏదియు విరుగక చక్కగా నున్నదో చూచి, సన్నని చీపురుపుల్లతో దానిని ఎత్తి గాజుపలకపై నుంచి, పక్షియీకతో మెల్లగా అదిమి సమతలముగా జేయును. ఊపిరి తగిలిన కరగును. కావున ఊపిరి బిగబట్టవలెను. గది వేడిగానున్న కరగును. కావున నిప్పులేని చలికొట్టమే అతని కార్యశాల. కిటికీవైపు త్రిప్పిన యంత్రములోనుండి వెలుతురు కణమును దూరి పలకపై పడవలెను. యంత్రము పొడవగుటచే వెనుక నిలిచి చూచువానికి ముందున్న మర చేతికందదు. అందుకు త్రాడును చక్రమును అమర్చుకొనెను. ఇదంతయు కొన్ని నిమిషములలో ముగియవలెను. మన బడిలో ఆలస్యముగా వచ్చు బాలునకు ఈ పని అప్పగింపదగదు. ఆ యంత్రమునే అతడు మార్చకుండ ఇంచుమించు నలువదియారు సంవత్సరములు వాడెను. తీసిన చిత్రములు 5,000 మించెను.

బొమ్మ తీయుటతో సగము పనియే యయ్యెడిది. వెనుకనుండి వచ్చు వెలుతురుతో తీసినందున, అచ్చువేసిన చిత్రమున తెల్లని నేలపై తెల్లని కణము సరిగా కనబడదు. అందుచేత అతడు మొదటి నెగెటివునకు మరియొక ప్రతి తీసి, ఆ ప్రతిపై కణము చుట్టునున్న మందుపూతను చురకత్తిమొనతో గీకివేయుచుండెను. అంచుల వంకరలన్నిటి వెంబడి గీకవలెను గనుక ఒక్కొక్క దానికి గంటలు పట్టెడివి. గీకినచోట గాజు తేటపడును. అచ్చులో ఆ చోటు నల్లనగును. రాత్రి యాకాశమున నక్షత్రమువలె కణము వెలుగును. జనులు మెచ్చిన బెంట్లీ చిత్రములన్నియు ఇట్లు దిద్దబడినవే.

ఇచ్చటనే వివాదము పుట్టెను. జర్మనీ దేశమున హెల్మన్ అను వాతావరణశాస్త్రజ్ఞుడు 1893లో నాయ్‌హౌస్ తీసిన హిమకణ ఛాయాచిత్రములతో గ్రంథము ప్రకటించియుండెను. అందలి కణములు చాలభాగము వంకరలు, కురచరేకులు గలవి. బెంట్లీ చిత్రములలోని నిర్దోషమైన పొందికను చూచి, కత్తితో గీకుటచే కణముల అంచులే చెడినవని జర్మనీవారు ఆక్షేపించిరి. కణమును తాను ముట్టలేదనియు, చుట్టునున్న నేలను మాత్రమే తీసివేసితిననియు, ప్రకృతిని మరింత నిజముగా చూపుటకైనచో దిద్దుబాటు దోషము కాదనియు బెంట్లీ సమాధానమిచ్చెను. దిద్దని మొదటి నెగెటివులను అతడు పారవేయలేదు. అది అతని నిజాయితీకి సాక్ష్యము. అయినను మా యభిప్రాయము దాచము. కత్తివలన కలిగిన లోపముకంటె ఎన్నికవలన కలిగిన లోపమే పెద్దది. ఆకాశమునుండి పడు కణములలో విరిగినవి, అతుకుకొన్నవి, వికృతమైనవి అధికము. బెంట్లీ చక్కనివానినే ఏరెను. లోకమంతయు హిమకణమనగా పొందికైన నక్షత్రమే యని తలచుట ఆ యేరికవలననే. జపానుదేశపు నకాయా ఉకిచిరో యను శాస్త్రజ్ఞుడు ఈ చిత్రములచే ప్రేరితుడై, సక్రమమైనవానిని వికృతమైనవానిని గూడ పరిశీలించి, 1936లో హొక్కయిదో ద్వీపమున శీతలగృహమందు కుందేటివెంట్రుక కొనను కృత్రిమ హిమకణమును మొలిపించి, మేఘమందలి చలియు తేమయు ఎట్లుండిన కణమెట్టి రూపము దాల్చునో నిరూపించెను. ఆరు రేకులును ఒకే చోటున, ఒకే గాలిలో, ఒకేసారి పెరుగుటచే ఒండొంటిని పోలియుండును. రెండు కణములు నడచు త్రోవ ఒక్కటి కాకుండుటచే అవి వేరగును.

వర్షమును గూడ బెంట్లీ విడువలేదు. 1898 మొదలు 1904 వరకు, పళ్లెములో అంగుళము మందమున మెత్తని పిండి పోసి, కొన్ని సెకండ్లు వానలో పట్టి, బొట్లు పడి గట్టిపడిన పిండిగుళ్లను కొలిచి, చినుకుల పరిమాణమును తెలిసికొనెను. పరిమాణమెరిగిన బొట్టును ముందుగా తానే పిండిపై రాల్చి, గుళిక దానికి సమానమగునని పరీక్షించుకొనెను. ఒక ఆషాఢమున మేమును మా తరగతి బాలురతో ఈ ప్రయోగము చేసితిమి. మొదటిదినము పళ్లెము పట్టినవాడు వాన చూచుచు పరధ్యానమున నిలిచిపోయినందున పిండియంతయు రొట్టెకు తడిపిన ముద్దయయ్యెను. రెండవదినము మాత్రము జొన్నగింజలవంటివియు, ఆవగింజలవంటివియు చక్కగా దొరకెను. గంటకొట్టిన తరువాత గూడ బాలురు వానిని కొలుచుచునే యుండిరి.

1898లో వెర్మాంటు విశ్వవిద్యాలయపు ఆచార్యుడగు పెర్కిన్సు సహాయమున అతని మొదటి వ్యాసము వెలువడెను. అద్దపుచిత్రములను ఒక్కొక్కటి అయిదు సెంట్లకు బడులకును కళాశాలలకును అమ్మెను. ఇరుగుపొరుగువారు మాత్రము అతనిని వింతమనిషిగానే చూచిరి. అతడు వివాహమాడలేదు. తల్లి రోగపీడిత కాగా ఆమె మరణించువరకు ఉపచరించెను. పాలు పితుకుట, ఎండుగడ్డి కోయుట మానలేదు. 1924లో అమెరికా వాతావరణశాస్త్ర సంఘమువారు పరిశోధనకై ఆయనకు 25 డాలర్లు ఇచ్చిరి.

1931 నవంబరులో, ప్రభుత్వ వాతావరణశాఖయందలి హంఫ్రీసు పీఠికతో, 2,400కు పైబడిన చిత్రములతో ఆయన గ్రంథము అచ్చయ్యెను. డిసెంబరు తొలిదినములలో ఆయన మంచుగాలిలో చాలదూరము నడచి ఇల్లు చేరెను. దినచర్యపుస్తకమున ఆ నెల 7వ తేదీన ఉత్తరపుగాలి చల్లగా వీచుచున్నదనియు, మంచు ఎగురుచున్నదనియు వ్రాసికొనెను. ఆ పిదప ఏమియు వ్రాయలేదు. ఊపిరితిత్తుల జ్వరముతో 23వ తేదీన, క్రిస్మసుకు రెండుదినములు ముందుగా, తాను పుట్టిన జెరికోయందే కన్నుమూసెను.