జాలీల మాటున శాస్త్రాల నవాబు

హైదరాబాద్: చార్మినార్‌కు ఆగ్నేయంగా సుమారు నాలుగు కిలోమీటర్ల దూరాన, సంతోష్‌నగర్ సమీపంలోని పిసల్‌బండ వీధుల నడుమ పాయిగా వంశీయుల ఖనన వాటిక ఉంది. గచ్చుతో తీర్చిన లతలు, పూలు, సన్నని జాలీలతో అలరారే ఈ ప్రాంగణంలో ఒకే కుటుంబానికి చెందిన పలు తరాల వారు శాశ్వత నిద్రలో ఉన్నారు. వారిలో రెండో షంషుల్ ఉమ్రా ఫక్రుద్దీన్ ఖాన్ విలక్షణుడు. సైన్యాన్ని నడిపే వంశంలో జన్మించి, శాస్త్ర గ్రంథాలను అచ్చు వేయించిన ప్రభువు ఆయన.

తండ్రితో మొదలు

వంశ ప్రముఖుడు అబ్దుల్ ఫతే ఖాన్ తేగ్‌జంగ్ రెండో నిజాం కొలువులో అశ్విక దళాధిపతి. 1786లో మరణించిన ఆయనను ఇక్కడే ఖననం చేశారు. అనంతరం ఇది కుటుంబ వాటికగా స్థిరపడింది. బాల్యంలోనే తండ్రిని కోల్పోయిన ఫక్రుద్దీన్ ఖాన్, పెరిగి పెద్దయ్యాక నిజాం కుమార్తె బషీరున్నిసా బేగంను వివాహమాడారు. షంషుల్ ఉమ్రా అంటే ప్రభువులలో సూర్యుడని అర్థం.

ఉర్దూలో విజ్ఞానం

బిరుదులు, జాగీర్లతో ఆయన తృప్తి చెందలేదు. 1834లో మదర్సా ఫక్రియాను నెలకొల్పారు. యంత్రశాస్త్రం, ఖగోళం, కాంతి వంటి అంశాలపై ఐరోపా భాషల్లోని గ్రంథాలను ఉర్దూలోకి అనువదింపజేశారు. వాటిని సొంత రాతి అచ్చు యంత్రంపై ముద్రింపజేశారు. ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఉర్దూ మాధ్యమంతో ఆవిర్భవించడానికి దశాబ్దాల ముందే జరిగిన కృషి ఇది. 1849లో కొద్ది నెలలు దివాన్‌గానూ వ్యవహరించారు. 1863లో కన్నుమూసి తండ్రి చెంతకే చేరారు.

మేడలు పోయినా..

ఆయన మనుమలు ఆస్మాన్ జా, వికారుల్ ఉమ్రా ఒకరి తర్వాత ఒకరు ప్రధానులయ్యారు. వికారుల్ ఉమ్రా కట్టించిన ఫలక్‌నుమా సౌధం ఆయన జీవితకాలంలోనే ఆరో నిజాం వశమైంది. 2010 నుంచి అది హోటల్. ఇలా మేడలు చేతులు మారినా, మనుమలిద్దరికీ తాత చెంత ఆరడుగుల నేల దక్కింది.

వానలకు, నిర్లక్ష్యానికి గచ్చు పనితనం ఏళ్ల తరబడి దెబ్బతింది. 2023లో అమెరికా రాయబార నిధి నుంచి రెండున్నర లక్షల డాలర్ల సాయం ప్రకటించగా, ఆగాఖాన్ ట్రస్టు ఆరు సమాధులను పునరుద్ధరించింది. రాతికి రక్షణ లభించింది. ఆ రాతి కింద ఉన్న విద్యాదాత పేరు మాత్రం నగర విద్యార్థులలో ఎందరికో తెలియదు. పాఠశాలల విహారయాత్రల్లో ఈ వాటికకూ చోటు కల్పిస్తే ఆ లోటు తీరుతుంది.